పోను ఒక సీసా, రాను ఒక సీసా

లక్ష్మీనరసమ్మ పెట్టె సర్దుతోంది. పెట్టె ఆమెది కాదు, అల్లుడు ప్రతాప్‌ది. ప్రయాణమూ ఆమెది కాదు. అయినా పొద్దున్నే చాప పరుచుకుని, పెట్టవలసినవన్నీ చుట్టూ పేర్చుకుని కూర్చుంది. ఊలు టోపీ ఒకటి, మేజోళ్లు రెండు జతలు, నిండు చేతుల రవికె, ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు రెండు, ఒక శాలువా. ఇవన్నీ ఢిల్లీలో ఉన్న చెల్లెలు అంజనమ్మ తిరుగు ప్రయాణంలో కట్టుకోవడానికి, కప్పుకోవడానికి. శాలువాను పెట్టె అడుగున పెట్టింది, తీసింది, పైన పెట్టింది. పైన ఉంటే అల్లుడు దారిలో తానే కప్పుకుంటాడేమోనన్న అనుమానం వచ్చి మళ్లీ అడుగున పెట్టింది.

వాటి మీద అల్లుడి చొక్కాలు పేర్చింది. ఐదు చొక్కాలు. పోయి రావడానికి నాలుగు రోజులు. ఒక జబ్బుమనిషిని తీసుకురావడానికి పోయేవాడికి ఐదు ఇస్త్రీ చొక్కాలు ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. ప్రతాప్ సోలార్ కంపెనీలకు కార్లు బాడుగకు తిప్పుతాడు. రెండేళ్ల కిందట కంపెనీవాళ్లతో కలిసి మూడుసార్లు విమానం ఎక్కాడు. ఆ విమానంవాళ్లు పెట్టె పిడికి చుట్టిన కాగితపు చీటీ ఇంకా అలాగే ఉంది. అంకెలు చెరిగిపోయాయి, అంచులు మురికి పట్టాయి, అయినా తియ్యడు. ముదిగుబ్బకు బస్సులో పోయినా ఆ చీటీ ఊగుతూనే ఉండాలి. చూసినవాళ్లు అడగాలి, అడిగితే ఈయన చెప్పాలి.

ధర్మవరం మొత్తంలో విమానం సంగతి తెలిసినవాడు తన అల్లుడొక్కడే అన్నట్టు మాట్లాడేవాడు లక్ష్మీనరసమ్మ మొగుడు తిప్పేస్వామి. ఇంట్లోనే మగ్గం పెట్టి పట్టుచీరల వ్యాపారం చేసే మనిషి. చీర పట్టుకుంటే ఎన్ని పోగులో చెప్పగలడు గానీ, అల్లుడి విషయంలో మాత్రం కళ్లు, చెవులు, బుద్ధి మూడూ మూసుకుంటాడు.

అంజనమ్మ లక్ష్మీనరసమ్మ కంటే ఆరేళ్లు చిన్నది. ఆమె మొగుడు ఎర్రన్న ఢిల్లీలో నేతపని నేర్పే ఉద్యోగం చేసేవాడు. పెళ్లైన ఏడాదికే రైలెక్కించుకుని పోయాడు. ఆ రోజు ధర్మవరం స్టేషన్లో రైలు కదిలాక కూడా అంజనమ్మ తలుపు కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది. పడిపోతుందేమోనని లక్ష్మీనరసమ్మ ప్లాట్‌ఫారం చివరిదాకా పక్కనే పరిగెత్తింది. ఆ పరుగు ఆమెకు ఈ రోజుకూ కలలో వస్తుంది. అంజనమ్మకు పిల్లలు పుట్టలేదు. ఎర్రన్న చనిపోయి ఏడేళ్లైంది. ఆమె ఢిల్లీలోని బాడుగ గదిలోనే ఉండిపోయింది. కింది వాటాలో విడపనకల్లు అమ్మాయి సువార్త ఉంటుంది. అక్కడ ఒక ఆసుపత్రిలో నర్సు. ఆ అమ్మాయే ఈమెకు దిక్కు.

నవంబరులో అంజనమ్మకు ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది. డాక్టరు సూది పెట్టి నీరు తీశాడు. గుండె బలహీనంగా ఉందనీ, నీరు మళ్లీ చేరుతుందనీ, చేరేలోగా ఒక వారం పది రోజులు కాస్త తేలికగా ఉంటుందనీ చెప్పాడు. ఊరికి పోవాలనుంటే ఆ రోజుల్లోనే పోవాలి. రెండు రాత్రుల రైలు ఆమె వల్ల కాదు. విమానంలో మూడు గంటలు కూర్చోగలదు, పక్కన మనిషి ఉండాలి. విమానంవాళ్లకు చూపించమని ఆ మేరకు కాగితం రాసిచ్చాడు. దానికీ గడువు ఉంది.

"మగ్గం గుంత పక్కన మంచమేస్తే చాలు అక్కా. మగ్గం సప్పుడు ఇంటా పండుకుంటా," అని అంజనమ్మ ఫోనులో అంది. ఇంకేమీ అడగలేదు.

తాను పోతానని లక్ష్మీనరసమ్మ అనలేకపోయింది. మోకాళ్ల నొప్పి ఒకటి, భయం ఒకటి. ఆడమనిషి అక్కడ దారి తప్పుతుందని తిప్పేస్వామి అన్నాడు. అంత పెద్ద చోట నేలే జారుతుందని ప్రతాప్ అన్నాడు. జారే నేల మీద మూడుసార్లు నడిచిన మొనగాడు కాబట్టి అతన్నే పంపాలని తేలింది. బెంగళూరు నుంచి మంగళవారం పోవడం, శుక్రవారం అంజనమ్మను వెంటబెట్టుకుని రావడం.

పెట్టె మూత వేయబోతుండగా తిప్పేస్వామి వచ్చి, పంచె కొంగులో చుట్టి తెచ్చిన రెండు సీసాలు చాప మీద పెట్టాడు. విస్కీ. పెళ్లి చీరలు ఇవ్వడానికి కుందుర్పికి పోయినప్పుడు, అక్కడి నుంచి సరిహద్దు దాటి కర్ణాటక అంగట్లో కొనుక్కొచ్చాడు. మన దగ్గర దొరికే సరుకు అల్లుడి మర్యాదకు చాలదట.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఇంటి ఆడపిల్లను ఎక్కడి నుంచైనా తీసుకురావడానికి మగమనిషిని పంపితే, అతని చేతిలో రెండు సీసాలు పెడతారు. పోను ఒకటి, రాను ఒకటి. పోను సీసా ఎప్పుడు తాగినా ఫరవాలేదు. రాను సీసాకు మాత్రం కట్టడి ఉంది. ఆడమనిషి బండెక్కి, బండి కదలబోయేదాకా దాని మూత తియ్యకూడదు. పిల్లను బండెక్కించకముందే తాగి పడిపోతారని పెద్దలు పెట్టిన కట్టడి. ఎద్దులబండ్ల కాలంలో పెట్టింది. తర్వాత జీపుల్లో, బస్సుల్లో కూడా నడిచింది. లక్ష్మీనరసమ్మ కాపురానికి వచ్చినప్పుడు ఆమె చిన్నమామ బండి తొట్టిలో కూర్చుని రాను సీసా తాగి, దారంతా ఎద్దులను పేరుపేరునా తిట్టుకుంటూ వచ్చాడు. ఎద్దులు ఫిర్యాదు చేయలేదు కాబట్టి పద్ధతి నిలిచింది.

సీసాలు చూడగానే ఆమెకు నెల కిందట పేపర్లో చదివిన సంగతి గుర్తొచ్చింది. బడి ముఖం చూడకపోయినా, చీరల పెట్టెల మీద అంటించిన పేర్లు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్న మనిషి. పొట్లం కట్టిన కాగితాన్ని కూడా విప్పి చదివిగానీ పారెయ్యదు. చెల్లెలు విమానంలో రావాల్సి వస్తుందని తెలిసిన రోజు నుంచి విమానం అన్న మాట కనిపించిన ప్రతి ముక్కా కత్తిరించి దాచింది. బియ్యం డబ్బా మీద నుంచి ఆ ముక్క తీసి, అద్దాలు పెట్టుకుని మళ్లీ చదివింది. ప్రయాణికులు సీలు తీయని మద్యం సీసాలను ఐదు లీటర్లు మించకుండా, విమానం అడుగున వేసే పెద్ద పెట్టెల్లో తీసుకుపోవచ్చు. విమానంలో కూర్చుని సొంత మద్యం తాగడం మాత్రం నిషేధం. తాగి గొడవ చేస్తే దించేస్తారు. కొన్ని నెలల పాటు మళ్లీ ఎక్కనివ్వరు.

అల్లుడు వసారాలో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్నాడు. నాలుగు అడుగుల దూరం. కానీ ఆ ఇంట్లో అత్త అల్లుడి ముఖం చూసి మాట్లాడదు. కూతురి పెళ్లైన పద్నాలుగేళ్లలో లక్ష్మీనరసమ్మ ప్రతాప్‌తో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పాల్సింది మొగుడికో కూతురు చంద్రికకో చెబుతుంది, వాళ్లు అందిస్తారు. అతని ముఖం చూడాల్సిన అవసరం లేకపోవడం ఆమెకు సుఖంగానే ఉండేది.

"ఏమయ్యా, అల్లునికి చెప్పు," అంది మొగుడితో, తలుపు చాటు నుంచి. "సీసాలు పెద్ద పెట్టెలో పెట్టుకోవచ్చునంట, తప్పు ల్యా. కానీ విమానంలో తీసి తాగితే దించేస్తారంట. రాను సీసా ఇంటికొచ్చినాంక తాగమను."

తిప్పేస్వామి వసారాలోకి పోయాడు. "సీసాలు పెట్టుకోవచ్చునంటప్పా, తప్పు ల్యాదంట," అనడం ఆమెకు వినిపించింది. తర్వాత గొంతు తగ్గింది. ఆ తర్వాత ఇద్దరూ నవ్వారు. మిగతా సగం కూడా చెప్పే ఉంటాడనుకుని, లక్ష్మీనరసమ్మ రెండు సీసాలనూ చెల్లెలి నూలు చీరల్లో చుట్టి, పగలకుండా పెట్టె మధ్యలో తన చేతులతోనే పెట్టింది.

శుక్రవారం నాటికి మగ్గం గుంత పక్కన మంచం సిద్ధంగా ఉంది. విమానం పదకొండున్నరకు ఢిల్లీలో బయలుదేరుతుంది, రెండుంపావుకు బెంగళూరులో దిగుతుంది. చంద్రిక కారు తీసుకుని తెల్లవారకముందే బెంగళూరు పోయింది. లక్ష్మీనరసమ్మ పలచగా జావ కాచింది. దుప్పటి మార్చింది. మార్చిన దుప్పటి గరుకుగా ఉందని మళ్లీ మార్చింది. పదకొండున్నర దాటాక గోడ గడియారం కిందే కూర్చుని, చెల్లెలు ఇప్పుడు ఏ ఊరి మీద ఉందో అని లెక్క వేసుకుంది.

ఒంటి గంటకు ఫోను మోగింది. తెర మీద అంజనమ్మ పేరు. ఆకాశంలో ఉన్న మనిషి ఫోను చేయదని లక్ష్మీనరసమ్మకు తెలుసు. మోగి మోగి ఆగింది. రెండోసారి మోగినప్పుడు ఎత్తింది.

"అక్కా, దించేసినారు," అంది అంజనమ్మ. గొంతులో ఏడుపు లేదు, ఆయాసం ఉంది. ఆగి ఆగి చెప్పింది.

చక్రాల కుర్చీలో అందరికంటే ముందు తనను ఎక్కించారు. కిటికీ పక్కన కూర్చోబెట్టి బెల్టు కట్టారు. ప్రతాప్ పక్కన కూర్చున్నాడు. పోను సీసా వచ్చిన రోజే తమ ఇంటి మేడ మీద అయిపోయింది. రాను సీసా సీలు ఆ పొద్దున తీసి, కూల్‌డ్రింకు సీసాలో కలుపుకుని, చేతిసంచిలో పెట్టుకొచ్చాడు. కూల్‌డ్రింకే అనుకుని తనిఖీలో ఎవరూ ఆపలేదు. తలుపులు వేసే వేళకు తీశాడు. "చిన్నత్తా, నువ్వు ఎక్కినావు, ఇంక మనది బయల్దేరినట్లే," అని మూత తిప్పాడు. రెండు గుటకలకే వాసన చుట్టూ వ్యాపించింది. విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి అదేంటని అడిగింది. దగ్గు మందన్నాడు. ఆ అమ్మాయి సీసా ఇమ్మంది, ఇక్కడ సొంతంగా తెచ్చుకున్నది తాగకూడదని మర్యాదగానే చెప్పింది. అప్పుడైనా ఇచ్చి ఉంటే సరిపోయేది.

"ఇయ్యల్యా అక్కా. లేసి నిలబడినాడు. నా మందు నేను తాగుతాండా, మీ విమానందేమన్నా అడిగినానా అంటాండాడు. ఆ పాప సీసా పట్టుకునింది, ఈయన గుంజినాడు. గుంజితే అంతా నా మీదే పడింది. ఇద్దరు మగోళ్లొచ్చి రెక్క పట్టుకుని దించినారు. నాకు తోడు మనిషి లేకుంటే కుదరదని కాగితంలో రాసిండాది కదా, నన్ను గూడా దించినారు. దించకపోతే ఎట్ల, ఆయప్ప కంటే నేనే ఎక్కువ కంపు కొడతాంటి."

అంత ఆయాసంలోనూ అంజనమ్మ నవ్వింది. ఆ నవ్వు దగ్గుగా మారి చాలాసేపు ఆగలేదు.

"ఏమన్నా తిన్న్యావా?" అని లక్ష్మీనరసమ్మ అడిగింది.

"సువార్త వస్తాండాది. తింటాలే."

ప్రతాప్‌ను విమానాశ్రయంలో సాయంత్రం దాకా కూర్చోబెట్టి, కాగితాలు రాయించుకుని వదిలేశారు. ఆ కంపెనీ విమానాలు మూడు నెలలు ఎక్కకూడదన్నారు. అతను అంజనమ్మను సువార్తకు ఒప్పగించి, ఆ రాత్రే రైలెక్కాడు. ఒప్పగించడం అనేది అతని మాట. సువార్త చెప్పిన ప్రకారం, ఆమె వచ్చేసరికి అంజనమ్మ గేటు బయట చలిలో, తడి చీరతో, ఒక బల్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. శాలువా పెట్టె అడుగునే ఉంది. పెట్టె ప్రతాప్ దగ్గర ఉంది.

ఆదివారం మధ్యాహ్నం ప్రతాప్ వచ్చాడు. ఐదో చొక్కా వేసుకుని ఉన్నాడు. వసారాలో అదే కుర్చీ మీద కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగి, విమానంవాళ్లను తిట్టడం మొదలుపెట్టాడు. వాళ్లకు మనుషులంటే గౌరవం లేదట. తెలుగువాళ్లంటే చులకనట. అదే ఇంగ్లీషు మాట్లాడేవాడైతే ఏమీ అనేవాళ్లు కాదట. వాళ్ల అంగట్లోనే సీసాలు అమ్ముతారట, లోపల తాగితే తప్పట, ఇదేం న్యాయమట. తిప్పేస్వామి ఒక్కో మాటకు తల ఊపుతున్నాడు. అంజనమ్మ ఎలా ఉందన్న మాట ఆ ఇద్దరిలో ఒక్కడి నోటి నుంచీ రాలేదు.

"నాదేం తప్పుండాది మామా," అన్నాడు ప్రతాప్ చివరికి. "రాను సీసా ఆడమనిషి బండెక్కినాంకే తాగాల. మీ ఇంటి పద్ధతే కదా. పద్ధతి తప్పితే మీరే అంటారు."

లక్ష్మీనరసమ్మ తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. తల మీద కొంగు కూడా లాక్కోలేదు. వచ్చి అల్లుడి ఎదురుగా నిలబడి, పద్నాలుగేళ్లలో మొదటిసారి అతని ముఖం చూసింది. ఏదో పెద్ద ముఖం ఉంటుందనుకుంది. ఏమీ లేదు. నిద్ర చాలని కళ్లు, నున్నగా గీసిన గడ్డం, బుగ్గ మీద నలుసంత పచ్చడి మరక. ఇంత చిన్న ముఖం నుంచి ఇన్నేళ్లు తాను తలుపు వెనక దాక్కుంది.

"పద్ధతి తెలిసినోడివని నిన్ను పంపల్యాదప్పా. విమానం తెలిసినోడివని పంపినాం," అంది.

ప్రతాప్ కుర్చీలోంచి సగం లేచాడు. అత్త మాట్లాడితే లేవాలో కూర్చోవాలో కూడా అతనికి తెలియదు. మామ వైపు చూశాడు.

"విమానంలో తాగకూడదని నీకు చెప్పల్యాదా?" అని అడిగింది.

"ఎవరు చెప్పినారు? సీసాలు ఎత్తుకపోవచ్చు, తప్పు ల్యాదని మామ చెప్పినాడు. అంతే."

ఆమె మొగుడి వైపు తిరిగింది. తిప్పేస్వామి తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. అల్లుడికి బుద్ధులు చెప్పినట్టు ఉంటుందని, నాలుగు విమానాలు ఎక్కినవాడికి తాము చెప్పేదేముందని, రెండో మాట చెప్పలేదన్నాడు. నాలుగు కాదు, మూడు. ఆ ఒక్క విమానాన్ని కూడా మర్యాద కోసం అల్లుడికి కలిపి ఇచ్చాడు.

"సగమే చెప్పినావు," అంది లక్ష్మీనరసమ్మ. "తీపి సగం."

ఇంకా తిడుతుందని ఇద్దరూ ఎదురు చూశారు. ఆమె తిట్టలేదు. వాళ్లను తిట్టడానికి కూడా కొంత గౌరవం కావాలి, అది మిగల్లేదు. మంచం దగ్గరికి పోయి కూర్చుంది. పేపరు ముక్క చదివింది తాను. చదివి అర్థం చేసుకుంది తాను. నాలుగు అడుగులు వేసి చెప్పాల్సిన మాటను, పెళ్లినాటి నుంచి ఏ కష్టమైన మాటనూ పూర్తిగా చెప్పని మనిషి చేతిలో పెట్టి పంపింది. సీసాలను చెల్లెలి చీరల్లో చుట్టింది కూడా తానే. ఆ సాయంత్రం తన మీద తనకు కలిగిన అసహ్యం ముందు, వసారాలో ఉన్న ఇద్దరి మీద ఉన్నది తక్కువే అనిపించింది.

మర్నాడు చంద్రికను పిలిచి, తనకు టిక్కెట్టు తియ్యమంది. తిప్పేస్వామి మోకాళ్ల సంగతి ఎత్తాడు. మోకాళ్లతోనే పోతానంది. నేల జారుతుందన్నాడు. చెప్పులు తీసి నడుస్తానంది. ఒక్కతే ఎలా అన్నాడు. మగమనిషిని పంపి చూశాం కదా అంది. చంద్రిక నవ్వబోయి, తండ్రిని చూసి ఆపుకుంది.

కానీ టిక్కెట్టు ఒక్కటే చాలదు. అంజనమ్మకు డాక్టరు ఇచ్చిన కాగితం గడువు దాటిపోయింది. ఆ రోజు చలిలో తడి చీరతో కూర్చున్నందుకు జ్వరం వచ్చింది. అది తగ్గేలోపు నీరు మళ్లీ చేరడం మొదలైంది. సువార్త డ్యూటీ అయ్యాక రోజూ ఫోను చేసేది. డిసెంబరు ఇరవై ఆరున నీరు మళ్లీ తీశారు. ఓర్చుకుంటే ముప్పైన ప్రయాణానికి కాగితం ఇస్తానని డాక్టరు అన్నాడట. లక్ష్మీనరసమ్మ ఇరవై తొమ్మిదికి పోవడానికి ఒకటి, ముప్పైకి ఇద్దరూ రావడానికి రెండు టిక్కెట్లు తీయించింది. విమానం నియమాలన్నీ కూతురి చేత ఫోనులో చదివించుకుని, తెలుగులో కాగితం మీద రాసుకుంది. ఏ తలుపు ఎటు, ఎక్కడ ఏ కాగితం చూపించాలి, చక్రాల కుర్చీ ఎవరిని అడగాలి. రాసుకున్నది వంటింట్లో గట్టిగా చదువుతుంటే, ప్రతాప్ ఒకసారి వసారాలోంచి, అది అలా కాదు అత్తా అని ఏదో చెప్పబోయాడు. ఆమె చదవడం ఆపలేదు.

ఇరవై ఏడున అంజనమ్మే ఫోను చేసింది. మాట సన్నగా ఉంది.

"ఏమక్కా, నన్ను పిల్చుకొచ్చే మగోనివి ఈ తూరి నువ్వేనంట. నీకు సీసాలు పెట్టినాడా బావ?"

"నోరు మూసుకుని పండుకో."

"పండుకునే ఉండా. మగ్గం మింద ఇప్పుడు ఏం చీరుండాది?"

"ముదురాకు పచ్చ. కొంగు ఎర్రది."

"నేనొచ్చేదాకా కొయ్యొద్దని చెప్పు. చూస్తా," అంది అంజనమ్మ. అలాగేనంది లక్ష్మీనరసమ్మ. ఇంకేదో అడగాలనుకుంది. తల దువ్వుకున్నావా అని అడిగింది. సువార్త దువ్విందని చెప్పింది అంజనమ్మ.

అంజనమ్మ ధర్మవరానికి తిరిగి రాలేదు. 2023 డిసెంబరు 28, గురువారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలకు ఢిల్లీలో చనిపోయింది.